ఆడవాళ్ళకు మాత్రమే

జూన్ 16, సోమవారం

నేను ఫోన్ చూసి నవ్వితే అమ్మ లెక్కలో ఎవడో ఉన్నట్టు. నవ్వకపోతే వాడితో మాట తేడా వచ్చినట్టు. ఫోన్ పక్కన పడేసి కిటికీలోంచి చూస్తే వాడు ఈ వీధిలోనే ఉన్నట్టు. ఇరవై రెండేళ్ళుగా నన్ను చూస్తున్న మనిషి నా మొహంలో ఒక్కటంటే ఒక్కటి సరిగా చదవదు.

ఇవాళ నవ్వింది కీర్తన పంపిన ఫోటోకి. నంద్యాల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ సారు బోర్డు మీద కుర్చీలు గుండ్రంగా గీసి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కనుక్కోమన్నాడు. కీర్తన ఆ కుర్చీలకు మీసాలు గీసి సార్ల పేర్లు రాసింది.

"ఎవురే ఆ నగిచ్చేటోడు?" అమ్మ చింతపండు పిసుకుతూ అడిగింది.

"కీర్తన మా."

"కీర్తనకు మీసాలుండాయా?"

ఫోటోలో నిజంగానే మీసాలున్నాయి కాబట్టి ఇంకా నవ్వాను. అంతే, అనుమానం రుజువైపోయింది. చెల్లెలు ముబ్బు పుస్తకం అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. కాలేజీలో ముబశ్శిరా, ఇంటర్ రెండో ఏడు. ఇంట్లో ఎల్‌కేజీ.

సాయంత్రం పెదనాయన కొడుకు అల్తాఫన్న వచ్చాడు. నంద్యాలలో సెల్ షాపు పెట్టినప్పటినుంచి మా ఇంటి ఫోన్లకు తనే డాక్టరు. "ఇట్లియ్యి, స్లో అయింటాది, చూస్తా" అని నా ఫోన్ తీసుకుని కాల్ లిస్టంతా చూశాడు. స్లో అయిందో లేదో చెప్పలేదు. నాయన అక్కడే ఉన్నాడు. అప్పుడే పరుపుల షాపునుంచి వచ్చాడు, కనుబొమ్మల మీద దూది పీచు ఇంకా అంటుకునే ఉంది. చూశాడు, ఏమీ అనలేదు.

ఎంసీఏ చేస్తానని డిగ్రీ అయిననాటినుంచి అడుగుతున్నాను. "సంబంధం చూస్తాండాం కదమ్మీ" అంటాడు. అందాకా బ్యాంకు కోచింగ్. కోచింగ్ అంటే, కూతురు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక చోటు.

అమ్మ ఫోన్ మాత్రం ఎవరూ అడగరు.

జూన్ 18, బుధవారం

అమ్మ వాట్సాప్ గ్రూపులోంచి ఒక సంబంధం వచ్చింది.

'రిష్తే – ఆడవాళ్ళకు మాత్రమే' అని గ్రూపు పేరు. నంద్యాల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, కర్నూలు, ఎక్కడెక్కడి తల్లులో. పెళ్ళిలో వీడియో తీసేవాడు దగ్గరికొస్తే కూతురి మీద కొంగు కప్పే తల్లులు, ఇందులో అదే కూతురి ఫోటో, వయసు, కాలేజీ, నాయన చేసే పని, ఇల్లు ఏ మసీదు పక్కనో అన్నీ పెడతారు. ఎవరిని ఎవరు చేర్చారో ఎవరికీ తెలీదు. ఆడపేరుంటే చాలు.

కర్నూలు ఆవిడ. కొడుకు తౌసీఫ్, ఇంజినీరు. నా ఫోటో కింద 'మాషాల్లా' అని పెట్టి, తర్వాత అమ్మకు విడిగా రాసింది. ఉర్దూ మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. అమ్మ ఫోన్ నా మొహం మీదికి పెట్టింది. "బిరీన చదువు. ఏమంటాంది?"

సలాం చెప్పి, పిల్ల నచ్చింది, వివరాలు పంపమంటోందని చెప్పాను.

"ఫోన్ చేసి మాట్లాడు మా" అన్నాను.

అమ్మ ఒక మెట్టు వెనక్కి వేసింది. "నా ఉర్దూ వింటే ఆడికాడికే వద్దంటారు. నువ్వే రాయి, నా మాదిరి."

మా ఇంట్లో తెలుగే. నాయన ఉర్దూ సలాం దగ్గర మొదలై ఖుదా హాఫిజ్ దగ్గర ఆగిపోతుంది, మధ్యలో అంతా తెలుగు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పట్నపు కుటుంబం మమ్మల్ని అడగడమంటే అమ్మకు పైనుంచి దిగివచ్చినట్టు. నేను నంద్యాలలో క్లాసు పిల్లల దగ్గర నేర్చుకున్న ఉర్దూతో అమ్మలాగా రాశాను. మాలో మాకు ఆవిడ ఖాలా, అంటే పిన్ని, అయిపోయింది. అమ్మ పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి మాటకూ ఆవిడ ఎదురుగా ఉన్నట్టే తలాడించింది.

జూన్ 20, శుక్రవారం

ఖాలా 'చూపులు' అడిగింది.

నాకు తెలీనివి కావు. పెద్దమ్మ కూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు జడ పట్టుకుని లాగారు, సవరం పెట్టారేమోనని. సూదిలో దారం ఎక్కించమన్నారు, చూపు తెలియాలని. నీళ్ళు తెమ్మన్నారు, నడక చూడాలని. చేసేది ఆడవాళ్ళే, తలుపు మూసే చేస్తారు. కర్నూలునుంచి ఊరికే రావడం పోవడం ఎందుకు, ముందు వీడియో పంపితే ఆడవాళ్ళం చూసి వస్తామంది.

అమ్మే తీసింది. ముందరి గదిలో, కిటికీ వెలుగులో. దుపట్టా తీసి, జుట్టు విరబోసి, గోడనుంచి గోడకు నడిచాను.

"నగొద్దు. నగితే పళ్ళు చూపిస్తాండాదనుకుంటారు."

"మూతి బిగిస్తే?"

"పొగరనుకుంటారు. ఊరికే ఉండు."

"ఊరికే ఎట్లుంటారు మా?"

"నీ పెండ్లి నాకా నీకా? నడువు."

ముబ్బు తలుపు దగ్గర నిలబడి "అక్కా, ఎన్నికల్లో నిలబడినట్టుండావ్" అంది. నేను దానికేసి దిండు విసిరాను. అమ్మ మళ్ళీ మొదటినుంచి తీసింది.

నాయన షాపు ఫోటో కూడా అడిగింది ఖాలా. కొత్త బోర్డు పెట్టించాక అమ్మకు ఆ ఫోటో అంటే గర్వం. లాల్ సాహెబ్ పరుపుల షాపు, ఆళ్ళగడ్డ, కింద ఫోన్ నంబరు. పంపింది.

జూన్ 22, ఆదివారం

ఖాలా ఇప్పుడు నా నంబరుకే రాస్తోంది. పిల్లతో నేరుగా మాట్లాడితేనే మనసు తెలుస్తుందట. అమ్మే ఇచ్చింది నంబరు.

ఏం చదవాలనుందని అడిగింది. ఎంసీఏ అని రాసి, వెంటనే చెరిపేద్దామనుకున్నాను, అప్పటికే చూసేసింది. 'మా ఇంటికొస్తే చదువుకో బేటీ. మా ఇంటినుంచి యూనివర్సిటీ దగ్గరే. తౌసీఫ్‌కు చదువుకున్న అమ్మాయే కావాలి' అని వచ్చింది.

ఈ ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. ఏం చదవాలనుందని నన్ను అడిగిన మొదటి మనిషి కర్నూలులో ఉంది. నా గురించి మా అమ్మకంటే ఆవిడకు ఎక్కువ తెలుసు ఇప్పుడు. బిర్యానీలో పుదీనా ఏరి పక్కన పెడతానని తెలుసు. నాయనంటే భయం లేదు, ఆయన మౌనమంటే భయమని తెలుసు. బెలుం గుహల్లో ఊపిరాడక నేను మధ్యలోనే వెనక్కి వచ్చేశానని తెలుసు.

ఆవిడ గురించి నాకేం తెలుసని రాయబోతే గులాబీల ఫోటో ఒకటే గుర్తొస్తోంది. డీపీలో గులాబీలు. పెద్దావిడ కదా, మొహం పెట్టుకోదు.

జూన్ 23, సోమవారం

నంద్యాల. టిఫిను బండి దగ్గర కీర్తనకు చెప్పాను. చివరిదాకా విని, చట్నీలో వేలు పెట్టి నాకి, "ఆవిడ గొంతు ఎట్లుంటాది?" అంది.

"తెలీదు."

"వీడియో కాల్ చెయ్, ఇప్పుడే. నేను పక్కకు పోతా, సిగ్గైతే."

చేశాను. మోగింది, కట్ అయింది. కాసేపటికి మెసేజ్: నమాజ్‌లో ఉన్నాను బేటీ.

కీర్తన టైము చూసింది. పదకొండు. "ఇప్పుడు ఏ నమాజే?"

ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ కొంచెం ఆలోచించింది. "పొద్దెక్కినాంక చేసేది ఇంకోటి ఉంటాదంట, చాష్త్ అనో ఏందో. పెద్దింటోళ్ళు అయన్నీ చేస్తారు. మనమాదిరి ఐదుతోనే ఆగరు."

సరిపోయింది. నేను కూడా అదే అనుకున్నా. కీర్తనకు మా వాళ్ళ సంగతులు ఏం తెలుసు.

జూన్ 25, బుధవారం

పెద్దకోడలి విషయంలో మోసపోయారట ఖాలా వాళ్ళు. మెడ కింద బొల్లి మచ్చ దాచి చేశారట. అందుకే ఈసారి ఒంటి మీద మచ్చ లేదని ముందే చూడాలట. అమ్మకు చెప్పొద్దు, తల్లికి అవమానంగా ఉంటుంది, మనిద్దరి మధ్యే అంది. చూసేది ఆడమనిషే కదా అంది.

జూన్ 26, గురువారం

పంపాను. ఆడమనిషే కదా. డాక్టరమ్మ దగ్గర చూపించమా?

తలుపు గడియ పెట్టి, అది పడిందో లేదో లేచి చూసి, మళ్ళీ చూశాను. ఎందుకో.

జూన్ 27, శుక్రవారం

ఆదివారం వస్తున్నారు. మొహర్రం నెల మొదలైంది, పీర్లు లేచే రోజుల్లో ఎవరూ పెళ్ళి మాటెత్తరు. అమ్మ అదే అంది, తర్వాత తనే సర్దుకుంది. "పట్నపోళ్ళకు ఇయన్నీ ఉండవేమోలే. వద్దంటే మళ్ళా వస్తారా?"

జూన్ 29, ఆదివారం

నాయన షాపునుంచి కొత్త పరుపు తెచ్చి దివాను మీద వేశాడు, ఇంకా ఎవరూ కూర్చోనిది. పక్కింటి కమలాక్షమ్మ కుర్చీలిచ్చి, "మహానంది పోయినప్పుడు నీ పేరు చెప్పి దండం పెట్టుకున్నా, మీ అమ్మకు చెప్పొద్దులే" అని నా చెవిలో చెప్పింది. అమ్మ మటన్ వండింది, సేమ్యాలతో షీర్ కుర్మా చేసింది, ఉర్దూలో నాలుగు వాక్యాలు పొద్దున్నుంచి బట్టీ కొట్టింది. వంటింట్లోంచి వినబడుతూనే ఉంది. తష్రీఫ్ రఖియే, దయచేసి కూర్చోండి అని, తష్రీఫ్ రఖియే.

మధ్యాహ్నం దాటింది. ఖాలా ఒకసారి 'బయల్దేరాం' అంది, ఒకసారి 'దారిలో' అంది. తర్వాత నేను రాసింది పోయినట్టు కనబడుతోంది, ఆవిడ చూసినట్టు కనబడుతోంది, జవాబు లేదు.

నాయన వీధి చివరిదాకా పోయి వచ్చాడు. ఇంకోసారి పోయి వచ్చాడు. ఆ కొత్త పరుపు మీద మేం కూడా కూర్చోలేదు. అల్తాఫన్న తలుపుకానుకుని, "వస్తాండారా, మమ్మల్ని తిననిస్తారా?" అన్నాడు. చివరికి పొద్దు వాలాక తిన్నాం. అమ్మ కుర్మా గిన్నె తీసి కమలాక్షమ్మకు ఇచ్చి రమ్మంది.

"కారు చెడిపోయింటాది" అంది అమ్మ.

"అవును" అన్నాను.

జూన్ 30, సోమవారం

మెసేజ్ చదివాను. మళ్ళీ చదివాను. ఖాలా రాసే తీరు కాదు. బేటీ లేదు.

'కర్నూలు లేదు, తౌసీఫ్ లేడు. నీ వీడియోలు మాత్రం ఉన్నాయి. మీ నాయన నంబరు షాపు బోర్డు మీద ఉంది. ముందు ఆయనకే పంపాలా, గ్రూపుకా? నేను చెప్పినట్టు వింటే ఎవరికీ పోవు.'

కింద నేను పంపినదే నాకు పంపాడు.

పంపాడు అని రాశాను. మగవాడని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను, ఈ వాక్యంలో.

జూలై 1, మంగళవారం

అన్నం ముట్టలేదు. అమ్మకు ముచ్చటగా ఉంది. "పెండ్లి ధ్యాస పట్టుకుండాది దీనికి" అని నాయనతో చెబుతోంది.

జూలై 3, గురువారం

ఇంకొక్కటి పంపితే అన్నీ డిలీట్ చేస్తానన్నాడు. ఒట్టేశాడు. ఎవరి మీదో రాయను.

పంపాను. డిలీట్ చేసుంటాడు.

జూలై 4, శుక్రవారం

చెయ్యలేదు.

జూలై 5, శనివారం

నాయనకు చెబితే ఏమవుతుందో రాసుకుని చూద్దామనుకున్నా. నాయన అరవడు. అల్తాఫన్నను పిలుస్తాడు. అల్తాఫన్న నా ఫోన్ తీసుకుంటాడు, వాడికి ఫోన్ చేసి బూతులు తిడతాడు, వాడు పంతానికి అందరికీ పంపుతాడు. కోచింగ్ ఆగిపోతుంది. ముబ్బు కాలేజీ కూడా ఆపేస్తారు, ఒకదాన్ని చదివించి చూశాం కదా అని. ఆ తర్వాత కట్టబెట్టడానికి దొరికినవాడు దొరుకుతాడు.

చెప్పకపోతే ఏమవుతుందో రాయబోయాను. అది ఇప్పటికే అవుతోంది.

జూలై 6, ఆదివారం

పీర్ల పండగ ఆఖరి రోజు. సాయంత్రం పీర్లు నీళ్ళకు పోతుంటే ఊరంతా రోడ్డు మీదే. అమ్మ, నేను, ముబ్బు అంగడి మెట్లెక్కి నిలబడ్డాం. డప్పులు, ఊదు పొగ, గుండం చుట్టూ ఎగిరే పిల్లలు. ఎప్పుడూ నాకిష్టమైన పండగ. ఇవాళ చెయ్యెత్తి ఫోన్ పట్టుకున్న ప్రతి మగవాడి మొహమూ చూశాను. పీరు ఎత్తుకున్నవాణ్ణి కూడా చూశాను.

ఫోన్ వణికింది. 'ఆకుపచ్చ నీకు బాగుంటుంది.'

నేను ఆకుపచ్చ దుపట్టాలో ఉన్నాను.

ముబ్బు చెయ్యి పట్టుకున్నాను, అది "ఏందక్కా, గోర్లు దిగుతాండాయి" అని విడిపించుకుంది. వాడు ఇక్కడే ఉన్నాడు. ఈ పొగలో, నన్ను చూస్తూ. అల్తాఫన్న దూరంనుంచి చెయ్యి ఊపితే, ఒక్క క్షణం, అల్తాఫన్నేనేమో అనుకున్నాను. అంతదాకా పోయింది బుద్ధి.

తర్వాత తట్టింది. అమ్మ ఫోన్ తీసి చూశాను. మెట్లెక్కగానే మా ఇద్దర్నీ తీసి స్టేటస్ పెట్టింది. వాడి నంబరు అమ్మ ఫోన్లో 'కర్నూలు ఖాలా' అని ఉంది, కాబట్టి వాడికి అన్నీ కనబడతాయి. ఇన్నాళ్ళూ అన్నీ. షాపు, మహానంది, బెలుం, నేను ఏ రోజు నంద్యాల బస్సెక్కానో.

"స్టేటస్ ఎందుకు పెడతావ్ మా?"

"మనోళ్ళే కదే చూసేది."

ఇంకో మెసేజ్. 'పక్కన చెల్లెలా? దాని నంబరు పంపు. నిన్ను వదిలేస్తా.'

చదివి ఫోన్ ఆపేశాను. నంబరు పంపలేదు. దేవుడి సాక్షిగా పంపలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ముబ్బు మామూలుగా, వీపు రుద్దమన్నట్టే చెప్పింది. "కర్నూలు ఖాలా ఇందాక నాకు కూడా హాయ్ పెట్టిందక్కా. అమ్మనడిగి నంబరు తీసుకుందంట. ఏం చదువుతాండావ్, ఏం కావాలనుండాది అని అడిగింది. శానా మంచామె. నీకు చెప్పొద్దనింది, సర్‌ప్రైజంట."

"నువ్వేం పంపినావ్?"

"ఏం పంపలే. ఫార్మసీ చేస్తానని చెప్పినా. ఎందుకట్ల చూస్తాండావ్?"

జూలై 8, మంగళవారం

నిన్నంతా ముబ్బు ఫోన్ ఛార్జరు 'కనబడలేదు'. నేనే దాచాను. ఇవాళ నంద్యాల పోయి కీర్తనకు మొత్తం చెప్పాను. కోచింగ్ మెట్ల మీద, అందరూ క్లాసులో ఉన్నప్పుడు. నేను చెప్పినంతసేపూ అది నా మొహం చూడలేదు, తన చెప్పు పట్టీ చూస్తూ కూర్చుంది. అందుకే చెప్పగలిగాను.

"తిట్టు" అన్నాను చివర్లో. "నువ్వు ముందే చెప్పినావ్ కదా."

"తిట్టేదానికి మీ ఇంట్లో మస్తుగా ఉండారు. నేనెందుకు?" అంది. తర్వాత గబగబా చెప్పింది, ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు. "వానికి జవాబియ్యొద్దు. ఏదీ పంపొద్దు. చాటింగ్ చెరపొద్దు, ఒక్క ముక్క కూడా. అంతా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు, నీ ఫోన్ గుంజుకున్నా నా దగ్గర ఉంటాది. పోలీసోళ్ళకు ఇచ్చేటప్పుడు అదే పనికొచ్చేది. అమ్మకు చెప్పు. మీ చెల్లెలికి ఇయ్యాలే చెప్పు, రేపు కాదు."

"పోలీసంటే ఊరంతా తెలుస్తాది."

"తెలిస్తే ఏమైతాది?"

నా దగ్గర జవాబుంది. శనివారం రాసుకున్నాను కూడా. ఆ మెట్ల మీదే ఫోన్ తీసి స్క్రీన్‌షాట్లు మొదలుపెట్టాను.

స్క్రీన్‌షాట్లు పంపేటప్పుడు ఆ వీడియోల బొమ్మలు కూడా పోయాయి. "చూడన్లే" అంది కీర్తన.

ఇంటికొచ్చి ముబ్బుకు చెప్పాను. మొదట నమ్మలేదు. "ఖాలా మంచామె" అని రెండోసారి అని, ఫోన్ తీసింది. తన చాటింగ్ నాకు చూపించింది. అవే మాటలు. బేటీ, మనసు, మా ఇంటికొస్తే చదువుకో. ఫార్మసీ కాలేజీ కూడా వాళ్ళింటికి దగ్గరేనట.

జూలై 9, బుధవారం

నాయన షాపుకు పోయాక అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. ముబ్బు నా పక్కనే ఉంది.

అమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. "ఖాలా మగోడేంది? ఎట్లైతాది? నేను మాట్లాడినా కదా."

"నువ్వు మాట్లాడలే మా. నేను రాసినా. ఆడ వాడు రాసినాడు."

మెసేజ్ చదివి వినిపించాను. సగంలో అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. తిట్టడానికనుకున్నాను. కాదు, చెరపడానికి. గులాబీల బొమ్మ మీద నొక్కి పట్టింది.

"మా, వద్దు. అదే రుజువు."

"ఏం రుజువు? ఉంటే కదా రుజువు. పీకి పారేస్తే పోతాది."

"నీ ఫోన్లోంచి పోతాది. వాని దగ్గర ఉంటాది."

ఇద్దరం ఆ ఫోన్ కోసం పెనుగులాడాం. చివరికి ముబ్బు లాగి కుర్తాలో దోపుకుంది. అమ్మ గోడకానుకుని కూలబడింది. ఏడవలేదు. దుపట్టా లేకుండా నేను నడిచిన ఆ గదిలోనే, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఎంతోసేపటికి అంది.

"మీ నాయనకు నేను తీసినట్టు చెప్పొద్దు."

నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

"నువ్వే తీసుకున్యానని చెప్పు తస్నీ. పిల్ల తప్పు చేస్తే నాయన వారం మాట్లాడడు, తర్వాత మాట్లాడతాడు. నేను చేసినానంటే నన్ను ఈ ఇంట్లో ఎట్ల చూస్తాడు? మీ పెదనాయనోళ్ళు ఏమంటారు? తల్లే తీసి పంపిందంట అంటారు."

"నేనైతే ఏమంటారో తెలుసా మా?"

"నువ్వు చిన్నదానివి. నీకు పోతాది."

తను నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్లో గ్రూపు మొత్తం వెనక్కి జరిపి చూశాను. వాడు అందులో చేరి ఏడాది దాటింది. ఎన్నో ఫోటోల కింద మాషాల్లా. అలా పెట్టిన ఫోటోల తల్లులు కొందరు, తర్వాత కొన్నాళ్ళకు, ఒక్క మాట లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. సంబంధం కుదిరి వెళ్ళారనుకుంది అమ్మ. అందరూ అదే అనుకుని ఉంటారు. పిల్ల చల్లగా ఉండాలని దువా చేశారు కూడా, కింద ఉంది.

ఒకావిడ కొలిమిగుండ్ల. అమ్మకు కొంచెం తెలుసు, ఏదో పెళ్ళిలో కలిసిందట. అమ్మ చేత ఫోన్ చేయించి స్పీకర్ పెట్టాను. బాగున్నారా అంటే బాగున్నామంది. వానలు లేవంది. కర్నూలు ఖాలా అన్న మాట అమ్మ నోట్లోంచి రాగానే అవతల తలుపు మూసిన చప్పుడు. తర్వాత, గొంతు తగ్గించి, "మా పాపను చదువు మాన్పించినాం. ఈడ ఎవురికీ తెలీదు. మా జోలికి రావద్దండి, మీకు దండం పెడతా" అని పెట్టేసింది.

అమ్మ ఆ ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "మన మాదిరే తెలుగే మాట్లాడతారు వాళ్ళింట్లో కూడా" అంది. అంతే అంది.

జూలై 10, గురువారం

పొద్దున గ్రూపులో కొత్త ఫోటో వచ్చింది. బనగానపల్లె పిల్ల, డిగ్రీ మొదటి ఏడు, నాయనకు కోళ్ళ అంగడి, ఇల్లు బస్టాండు వెనక. గులాబీ రంగు చుడీదార్లో, ఊరికే ఉండమంటే ఎలా ఉండాలో తెలియని మొహంతో నిలబడి ఉంది. నేను చూస్తుండగానే కింద వచ్చింది. మాషాల్లా.

నాకు వాడు పంపినవి మూడు, జవాబియ్యలేదు. ఆఖరిదాంట్లో ఇవాళ సాయంత్రం దాకా గడువు పెట్టాడు.

అమ్మ నిన్నటినుంచి నా వెంటే తిరుగుతోంది. నీళ్ళిస్తుంది, జడేస్తానంటుంది. అడగాల్సింది మళ్ళీ అడగదు, కళ్ళతో అడుగుతుంది. అల్తాఫన్న వచ్చి, "ఏందీ, ఇల్లు ఇంత సైలెంటుగా ఉండాది? కర్నూలోళ్ళు మళ్ళా వస్తాండారా?" అన్నాడు. "నీ ఫోన్ ఇట్లియ్యి, చూస్తా" అని చెయ్యి చాపాడు.

"ఇయ్యను" అన్నాను.

చాపిన చేత్తో తల గోక్కున్నాడు.

మధ్యాహ్నం మూడవుతోంది. నాయన భోజనం చేసి దివాను మీద పడుకుని ఉన్నాడు. లేవగానే చెబుతాను. పోవచ్చా అని అడగను, పోతున్నానని చెబుతాను. నాలుగు గంటల బస్సుకు నంద్యాల పోయి పోలీసులకు రాసిస్తాను. నా ఫోన్, అమ్మ ఫోన్, ముబ్బు ఫోన్ మూడూ తీసుకుపోతాను. ముబ్బు నాతో వస్తుంది, కీర్తన బస్టాండులో ఉంటుంది. బస్సెక్కే ముందు ఆ గ్రూపులో, ఆ పిల్ల ఫోటో కింద, ఖాలా మగవాడని, నేను ఏం పంపానో, నా పేరూ మా నాయన పేరూ పెట్టి తెలుగులో రాస్తాను. మొదటి వీడియో ఎవరు తీశారని నాయన అడిగితే అమ్మ తీసిందని చెబుతాను. మిగతావి నేనే తీసుకున్నానని చెబుతాను.